నాకు నీళ్ళు కావాలి

ఆసుపత్రిలో ఆమెను అందరూ మాటలమ్మ అనేవారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పడం ఆమె పని. తలుపు మీద స్పీచ్ థెరపిస్ట్ అని బోర్డు ఉండేది గానీ, దాన్ని చదువుకుని వచ్చేవాళ్ళు తక్కువ. మాటలమ్మ గది ఎక్కడని అడిగితే గేటు దగ్గర వాచ్‌మన్ కూడా తల ఎత్తకుండానే చెయ్యి చూపించేవాడు. కింది అంతస్తులో వరండా చివర, ఉతికిన దుప్పట్లు పెట్టే గదికి ఆనుకుని ఉండేది ఆ గది. లోపల ఒక బల్ల, మూడు కుర్చీలు, బొమ్మల కార్డులు, నోరు ఎలా తిరుగుతోందో పేషెంటు చూసుకోవడానికి గోడకు ఒక పెద్ద అద్దం. దుప్పట్ల బండి వరండాలో వెళ్తున్నప్పుడల్లా ఆ చక్రాల గోల పోయేదాకా లోపలివాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

మాట పోయిన మనిషికి ఒక్కోసారి పాట మిగులుతుంది. భార్య పేరు చెప్పలేక తడుముకునేవాడు చిన్నప్పుడు నేర్చుకున్న పాట ఎత్తుకుంటే తప్పు లేకుండా చివరిదాకా పాడేస్తాడు. మాటలమ్మ ఆ సందులోంచే లోపలికి దూరేది. రోజూ అవసరమయ్యే మాటలను చిన్న చిన్న వరసల్లో కట్టేది. వాటిలో మొదటిది "నాకు నీళ్ళు కావాలి". దాన్ని పాట అనడం కూడా ఎక్కువే. రెండే స్వరాలు, ఒకటి పైన, ఒకటి కింద. ఆమె పాడుతూ, పేషెంటుకు పడిపోని ఎడమచేతిని తన చేత్తో పట్టుకుని బల్ల మీద తట్టించేది. పాడాక ఆగేది. ఆ ఆగడంలోనే అసలు వైద్యమంతా ఉంది. అప్పుడు పేషెంటు తన బుర్రలోకి తాను దిగి, ఆ మాటను వెతికి పట్టుకుని పైకి తెచ్చుకోవాలి. ఎంతసేపు పట్టినా ఎవరూ అందించకూడదు.

ఇంట్లోవాళ్ళకు అదే చేతకాదు. మొగుడి పెదవి కదిలిందంటే చాలు, పెళ్ళాం "నీళ్ళా?" అని గ్లాసు పట్టుకొచ్చేస్తుంది. వాళ్ళకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, మాటలమ్మ ఒక వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులో ఆమె ముఖం, బల్ల మీద చెయ్యి, మూడే ముక్కలు. "నాకు నీళ్ళు కావాలి." తర్వాత ఖాళీ. "నాకు నిద్ర వస్తోంది." మళ్ళీ ఖాళీ. "నాకు కోపం వచ్చింది." మళ్ళీ ఖాళీ. కోపం ముక్క కావాలనే పెట్టింది. మాట రాని మనిషికి అందరికంటే ఎక్కువ వచ్చేది కోపమే. అది కాస్తా బయటపడే దారి లేకపోతే అన్నం ప్లేటు గోడకు తగులుతుంది.

ఆ వీడియోను చూడవలసినవాళ్ళు చూసేవారు, తక్కినవాళ్ళు పట్టించుకునేవారు కాదు. అలా కొన్నేళ్ళు బాగానే గడిచింది.

ఒకరోజు పొద్దున ఆమె టిఫిన్ డబ్బాలు సర్దుకుంటుంటే, స్నానాల గదిలోంచి భర్త గొంతు వినబడింది.

"నాకు నీళ్ళు కావాలీ... డబడబ డబడబ... పోయ్ మామా పోయ్!"

ఆయనకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. పాడటం అలవాటే గానీ ఈ పాట కొత్త. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాక ఆమె అడిగింది.

"ఏం పాటండీ అది?"

"అదేంటే అలా అడుగుతావు? నీ పాటేగా! మా షాపులో కుర్రాళ్ళు పొద్దస్తమానం అదే పెడుతున్నారు. గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నా, తీరా చూస్తే నువ్వే. ఇంత పెద్ద హిట్టు కొట్టి నాకొక్క మాట చెప్పలేదే!"

ఆయన ఫోను తీసి చూపించాడు. ఆమె గొంతే. కాకపోతే దాన్ని బాగా వేగం పెంచి ఉడతపిల్ల గొంతు చేశారు. కింద డ్రమ్ములు దడదడలాడుతున్నాయి. ఆమె ఆగిన చోటల్లా ఎవడో మగవాడు "పోయ్ మామా పోయ్" అంటున్నాడు, గ్లాసులు టింగుమంటున్నాయి. నిద్ర ముక్క తీసేశారు, గంతులేసేవాళ్ళకు నిద్రతో పనేముంది! కోపం ముక్కను మాత్రం పట్టుకుని "కోపం కోపం కో కో కోపం" అని సాగదీశారు. ముఖాన్ని కూడా వదల్లేదు. ఆమె బొమ్మకు నల్ల కళ్ళద్దాలు తగిలించారు.

"కళ్ళద్దాలు నీకు బాగా నప్పాయి," అన్నాడు భర్త, తన వృత్తి ధర్మంగా.

"ఎవడు వీడు? ఎవర్ని అడిగి చేశాడు?"

"ఇవన్నీ ఎవరూ ఎవర్నీ అడగరే. అందరూ అంతే. సరదాకి."

"నా పేషెంట్ల పాటండీ అది!"

"సరేలే, నాలుగు రోజులు ఆడి అదే పోతుంది," అని ఆయన చొక్కా వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూ మళ్ళీ డబడబ అన్నాడు. ఆమె చూసిన చూపుకు మూడో గుండీ దగ్గర ఆపేశాడు.

నాలుగు రోజుల్లో పోలేదు. క్యాంటీన్‌లో అదే, లిఫ్టులో ఎవరి ఫోను మోగినా అదే. దుప్పట్ల బండి తోసే మనిషి కూడా ఆ తాళానికే బండి తోస్తున్నాడు. సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే వీధి చివర బార్లోంచి ఆమె గొంతే ఆమెకు ఎదురొచ్చి నీళ్ళు కావాలని అడిగింది. లోపల గ్లాసులెత్తి మరీ కేకలు వేస్తున్నారు.

భర్త స్నేహితుడి ఇంట్లో పుట్టినరోజు భోజనానికి వెళ్తే అందరూ చుట్టూ మూగారు. పాడమని ఒకటే పోరు. ఒక్కసారి అసలుది వినిపిస్తేనైనా అర్థం చేసుకుంటారేమోనన్న ఆశతో ఆమె ఒప్పుకుంది. రెండు స్వరాల్లో, నెమ్మదిగా, పేషెంటుకు పాడినట్టే పాడి ఆగింది. ఆ ఖాళీలో గదంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఇంటాయన కూతురు జాలిపడింది.

"అలా కాదాంటీ. మీకు బీట్ పట్టుబడట్లేదు. నేను చూపిస్తానుండండి," అని ఫోనులో పాట పెట్టి, తల పక్కకు వంచి, లేని గ్లాసు ఎత్తి, గెంతి చూపించింది. చుట్టూ చప్పట్లు.

"నా పాట నాకు నేర్పుతోందండీ," అంది మాటలమ్మ, ఇంటికి వస్తూ దారిలో.

"చిన్నపిల్లే, వదిలెయ్," అన్నాడు భర్త.

"వదిలెయ్ వదిలెయ్ అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది."

ఇంతవరకూ అది ఒళ్ళు మంటే. ఆ తర్వాత జరిగింది వేరు.

ఆమె దగ్గరికి చెప్పుల షాపు ఆయన ఒకడు వచ్చేవాడు. వచ్చిన కొత్తలో నోట్లోంచి ఒక్క అక్షరం వచ్చేది కాదు. నెలల తరబడి కూర్చుంటే, వరస పట్టుకుని పది పన్నెండు మాటలు అనగలిగే స్థితికి వచ్చాడు. వరస లేకుండా అనలేడు, పాడినట్టే అడగాలి. అయినా ఒంటరిగా బజారుకు వెళ్ళి రాగలుగుతున్నానని ఆయనకు గర్వంగా ఉండేది. అలాంటి మనిషి ఒకరోజు బస్సులో దాహమేసి, పక్కసీటు కుర్రాడి చేతిలో సీసా చూసి, ఎడమచేత్తో తొడ మీద తట్టుకుంటూ పాడాడు. "నాకు... నీళ్ళు... కావాలి..."

బస్సు బస్సంతా "పోయ్ మామా పోయ్" అంది. ఎవరో వీడియో తీశారు. ఆయన మళ్ళీ పాడాడు, వాళ్ళు మళ్ళీ అన్నారు. పొద్దున్నే తాగేసి ఎక్కాడని కండక్టరు మందలించాడట. ఆయన తన స్టాపు రాకుండానే దిగిపోయాడు.

ఈ సంగతి ఆయన తమ్ముడు వచ్చి చెప్పాడు. ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. మాటలమ్మ ఆయన ఎడమచెయ్యి అందుకుని బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్ళో దాచుకున్నాడు. ఆరోజు ఒక్క మాటా పలకలేదు. మర్నాడు అసలు రాలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఆ రీమిక్స్ కింద రాసింది: "ఈ గొంతు నాది. ఇది మాట పోయిన రోగుల కోసం చేసిన పాట. దయచేసి తీసేయండి."

జవాబులు వరదలా వచ్చాయి. "నా గొంతు కూడా ఇదే." "అత్తా, నీళ్ళు తాగు, కోపం తగ్గుతుంది." "నేను కూడా రోగినే, నాకూ పోయ్ మామా." తెల్లారేసరికి ఆమె రాసిన ఆ మాటల్నే ఎవరో యంత్రం గొంతుతో చదివించి, దానికీ డ్రమ్ములు తగిలించారు.

ఇంతలో ఇంకో వింత. ఒక కొత్త పేషెంటు కొడుకు వచ్చి, మీరు చెప్పిన వీడియో కనబడటం లేదండీ అన్నాడు. ఆమె వెతికింది. నిజమే, లేదు. అది ఉండవలసిన చోట బూడిదరంగు పలక ఒకటి ఉంది. "ఈ వీడియోలోని సంగీతం వేరొకరి హక్కులకు చెందినది కనుక తొలగించబడినది."

వేరొకరి సంగీతం ఏమిటా అని నొక్కి చూస్తే, ఆ రీమిక్స్ పేరు వచ్చింది. అంటే ఆమె తన పాటను దాన్నుంచి దొంగిలించిందట!

ఆమె కంపెనీకి రాసింది. "మీ సందేశం మాకు ముఖ్యం" అని రెప్పపాటులో జవాబు వచ్చింది. అంత తొందరగా వచ్చిందంటే చదివినవాళ్ళు ఎవరూ లేరని ఆమెకు అప్పుడే అర్థమయింది. నా వీడియో కొన్నేళ్ళ ముందుదని రాసింది. అసలు సొంతదారు మీరేనని రుజువు చూపమన్నారు. రుజువు ఏముంటుంది, గొంతు తప్ప? ఫోను ఎదురుగా పెట్టుకుని, "ఈ పాట పాడింది నేనే, ఇదిగో వినండి" అని మూడు ముక్కలూ పాడి పంపింది. ఆ వీడియోను కూడా యంత్రం పట్టేసింది. "మీరు రెండోసారి ఉల్లంఘనకు పాల్పడ్డారు. మరోసారి జరిగితే మీ ఖాతా శాశ్వతంగా మూసివేయబడును."

"నేను నాలా పాడటం నేరమటండీ!" అని ఫోను భర్త ముందు పడేసింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివాడు. ఈసారి వదిలెయ్ అనలేదు. "మనిషెవరూ లేరా వీళ్ళ దగ్గర, ఫోను చేసి తిట్టడానికి?" అన్నాడు.

లేరు. ఒక నెంబరు దొరికితే చేసి చూశాడు. పాట పెట్టి ఆగమన్నారు. ఆగగా ఆగగా లైను కట్టయింది.

అప్పట్లో మాటలమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళలో అందరికంటే కష్టమైన మనిషి ఒక నాటకాల పెద్దాయన. జీవితమంతా నాటకాలు ఆడించినవాడు. జబ్బు చేశాక ఆయనకు మిగిలింది ఒకే మాట, "అదే". ఆకలేస్తే అదే, నొప్పెడితే అదే, మనవరాలు వస్తే అదే. వరసలూ తాళాలూ ఆయన మీద పని చేయలేదు. ఆమె పాడి ఆగితే ఆయన శ్రద్ధగా పెదాలు కూడదీసుకుని "అదే" అనేవాడు. అన్నది తప్పని ఆయనకే తెలిసి కళ్ళెర్రజేసేవాడు. ఆయన భార్య పక్కనే కూర్చుని ఆయన తరఫున ఊపిరి కూడా తానే పీల్చేసేది.

"ఏం చేయనమ్మా, చూస్తూ ఊరుకోలేను. జన్మంతా ఈయన అరుస్తూనే ఉన్నాడు, ఇప్పుడేమో ఇలా," అనేది.

"మీరు కాసేపు మాట్లాడకండి పిన్నిగారూ. ఆయనకు జాగా ఇవ్వండి."

"ఇస్తాను తల్లీ, ఇస్తాను," అని, ఆయన పెదవి కదలగానే, "నీళ్ళేనా?" అనేది.

అలా ఉండగా మాటలమ్మ ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "మేడమ్, ఆ గొంతు నిజంగా మీదేనా? ఆ ట్రాక్ చేసింది నేనే. కోప్పడనంటే ఒకసారి కలవాలని ఉంది." కింద డబడబ అన్న పేరు, అడ్రసు.

కోప్పడదలుచుకునే వెళ్ళింది మాటలమ్మ. జుట్టుకు రంగు వేసుకుని, చెవికి పోగు పెట్టుకుని, కాళ్ళు బారజాపుకుని కూర్చున్న కుర్రాడిని మనసులో గీసుకుని, వాడిని ఏమేం అనాలో బస్సులో దారిపొడుగునా కూర్చుకుంది. తలుపు తీసింది ఒక ఆడమనిషి. భుజాన చంటిబిడ్డ, ఆ భుజం మీద పాలు కక్కిన మరక, కళ్ళ కింద నల్లటి వలయాలు.

"డబడబ అంటే..."

"నేనే మేడమ్. రండి, చప్పుడు చేయకండి, వీడికి ఇప్పుడే కునుకు పట్టింది," అంది గుసగుసగా.

కూర్చుకున్న మాటలన్నీ మాటలమ్మ నోట్లోనే ఉండిపోయాయి. గుసగుసగా తిట్టడం ఎవరికి వస్తుంది?

గదిలో ఒక మూల ఉయ్యాల, ఇంకో మూల కంప్యూటరు, మధ్యలో తీగ మీద ఆరేసిన బిడ్డ గుడ్డలు. ఆ పిల్ల బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టింది. ఆమె కాన్పు సెలవులో ఉంది. బిడ్డ పడుకున్నప్పుడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాటలు చేసుకుంటుంది.

"ఏడుపు మానట్లేదని ఏదో వెతుకుతుంటే మీ వీడియో దొరికింది మేడమ్. మీ గొంతు వినగానే వీడు టక్కున ఆపేశాడు. రోజుకు ఎన్నిసార్లు పెట్టానో! పిచ్చెక్కిపోయి, డ్రమ్ములు వేసుకుంటే నాకైనా సరదాగా ఉంటుందని చేశాను. నలుగురు వింటారనుకున్నా. ఇంత అవుతుందని నాకేం తెలుసు?"

"ఆ తాగుబోతు కేక కూడా నీకు తోచిందేనా?"

"అది మా ఆయన గొంతు," అంది ఆ పిల్ల తల దించుకుని. "మధ్యలో ఖాళీగా ఉంది కదా మేడమ్. ఏదో ఒకటి పెట్టకపోతే చచ్చినట్టు ఉంటుందని..."

మాటలమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. "ఆ ఖాళీయేనమ్మా పాట! నేను కూసింది కాదు, ఆ ఖాళీ. అక్కడ వాళ్ళు మాట్లాడాలి. నేను ఏళ్ళ తరబడి ప్రతి ఇంటివాళ్ళకూ చెప్పేది అదొక్కటే, అక్కడ దూరకండి అని. నువ్వు వచ్చి సరిగ్గా అక్కడే గ్లాసులు పెట్టావు!"

చివరి మాటకు గొంతు లేచింది. ఉయ్యాలలో బిడ్డ కెవ్వుమన్నాడు. ఇద్దరూ కలిసి ఊపారు. ఊపుతూనే చెప్పుల షాపు ఆయన సంగతి మాటలమ్మ చెప్పింది. ఆ పిల్ల ఊపడం ఆపేసింది.

"నేను ఆ బస్సు వీడియో చూశాను," అంది. "నవ్వాను కూడా. తమాషాకి చేస్తున్నాడనుకున్నా."

తొలగింపు సంగతి ఆమెకు తెలియనే తెలియదు. పాటలు పంచే ఏదో సంస్థ పాటను మాకివ్వండి అంటే ఇచ్చేసింది. మిగిలినదంతా వాళ్ళ యంత్రాలు చేసుకున్నాయి. "నేను వెనక్కి తీసుకుంటాను మేడమ్. ఇంకో సంగతి. మీ పేషెంట్లకు పనికొచ్చేలా ఒకటి చేసి తెస్తాను. ఖాళీ అలాగే ఉంచి, తట్టడానికి తాళం మాత్రం వేసి. తీసుకురానా?"

వద్దనాలనే అనుకుంది మాటలమ్మ. కానీ ఆ పిల్ల ముఖం చూసి, "తీసుకురా, చూద్దాం," అంది. బస్సెక్కాక, ఒక్క తిట్టయినా సరిగ్గా తిట్టలేకపోయానని తన మీద తనకే విసుగు పుట్టింది.

తర్వాతి వారం ఆ పిల్ల ఆసుపత్రికి వచ్చింది. బిడ్డను తన తల్లి దగ్గర వదిలి, చిన్న స్పీకరు సంచిలో వేసుకుని వచ్చింది. అప్పుడు నాటకాల పెద్దాయన వంతు. ఆయన కుర్చీలో నిటారుగా ఉన్నాడు, భార్య పక్కన ఉంది. ఎవరీ అమ్మాయి అని ఆవిడ అడిగితే మాటలమ్మ దాచలేదు. ఆవిడ ఆ పిల్లను ఎగాదిగా చూసి, "నువ్వా తల్లీ! మా మనవరాలు నీ పాటతోనే మా ప్రాణాలు తోడేస్తోంది," అంది.

ఆ పిల్ల స్పీకరు బల్ల మీద పెట్టింది. "నాకు నీళ్ళు కావాలి" అని మాటలమ్మ గొంతు వచ్చింది, ఈసారి ఉడతలా కాకుండా ఆమె గొంతులాగే. అడుగున మెత్తగా డ్రమ్ము. తర్వాత ఖాళీ. మాటలమ్మ పెద్దాయన ఎడమచెయ్యి తట్టించింది. పెద్దాయన పెదాలు కూడదీసుకున్నాడు. సరిగ్గా అప్పుడు స్పీకరులో "టిక్" అంది. ఒక చిన్న టిక్కు. కాసేపటికి ఇంకో టిక్కు.

"అదేంటి?" అంది మాటలమ్మ.

"ఏం లేదు, ఊరికే, మరీ ఖాళీగా ఉందని... వాళ్ళు దారి తప్పకుండా..."

"అమ్మాయ్, నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్క టిక్కే కదా మేడమ్!"

రెండోసారి వేశారు. మళ్ళీ ఖాళీ, మళ్ళీ టిక్కు. ఇంతలో వరండాలో దుప్పట్ల బండి కూడా బయలుదేరింది. భార్య ఉండబట్టలేక, "నీళ్ళేనా?" అంది. ఆ మూడూ కలిసి ఒకేసారి మీద పడేసరికి, పెద్దాయన ముఖం మెడ దాకా ఎర్రబడింది. ఎడమచేత్తో బల్ల మీద ఫెడీమని చరిచాడు.

"ఆపు!" అన్నాడు. "మళ్ళీ మొదట్నుంచి!"

బొంగురుగా, ముద్దగా వచ్చింది గానీ, ముక్కముక్కా తెలిసింది. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

"ఇదేనమ్మా," అంది చివరికి. "రిహార్సల్లో ఎప్పుడూ ఇదే అరుపు. నాటకాలవాళ్ళ మీద అరిచినట్టే ఇంట్లో నా మీదా అరిచేవాడు. కూర కలుపుతున్నా కూడా!"

మాటలమ్మకు మాత్రం ఈ జబ్బు సంగతి తెలుసు. జీవితమంతా అరిచిన అరుపు నోటికి అలవాటు కొద్దీ దానంతటది ఊడిపడటం వేరు, మనిషి కావాలని మాట అనడం వేరు. ఆ ముక్క మెల్లగా చెప్పాలనుకుంది. కానీ పెద్దాయన చెప్పనిస్తేనా! స్పీకరు వైపు వేలు చూపించి మళ్ళీ వేయమన్నాడు. ఆ పిల్ల వేసింది. టిక్కుమనగానే, "ఆపు! మళ్ళీ మొదట్నుంచి!" మళ్ళీ వేసింది. మళ్ళీ అదే. తర్వాతి పేషెంటు బయట దగ్గుతున్నాడు. ఆ పిల్ల చెమటలు తుడుచుకుంటూ, "తీసేస్తాను తాతగారూ, ఇంటికెళ్ళి తీసేస్తాను!" అని చేతులు జోడించేదాకా ఆయన వదిలిపెట్టలేదు.

ఆ పిల్ల మాట నిలబెట్టుకుంది. టిక్కు తీసేసింది. సంస్థ నుంచి పాటను వెనక్కి తీసుకుంది, దానికి ఆమె నానా తంటాలు పడిందట. మాటలమ్మ వీడియో మళ్ళీ కనబడింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని యంత్రం ఒక వాక్యం పంపింది. వీడియో కింద కొత్తగా రాసిన మాటలు చూసి ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. "అసలు పాటను ఎవరో పాడుచేశారు." "స్లో వెర్షన్, బోర్." "పోయ్ మామా ఎక్కడ?"

అప్పటికే ఆ రీమిక్స్‌కు రీమిక్సులు, వాటికి రీమిక్సులు పుట్టుకొచ్చాయి. వాటిని చేసినవాళ్ళెవరో డబడబకు కూడా తెలియదు. "నాది తీయగలిగాను, వాళ్ళవి నా చేతుల్లో లేవక్కా," అంది ఫోనులో. మేడమ్ ఎప్పుడో అక్క అయింది.

చెప్పుల షాపు ఆయన కోసం మాటలమ్మ స్వయంగా వాళ్ళ ఇంటికి వెళ్ళింది. ఆయన లేచి లోపలికి వెళ్ళబోయాడు. "పాత వరస వద్దండీ. కొత్తది కడదాం. మీకొక్కరికే," అంది. ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. నీళ్ళు అన్న మాటే లేకుండా, "దాహం, దాహంగా ఉంది" అని కట్టారు. స్వరాలు ఆయనే ఎంచుకున్నాడు, ఒకదానికి తలూపి, రెండింటికి తల అడ్డంగా ఊపి. మళ్ళీ బస్సెక్కడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది. ఎక్కినప్పుడు తమ్ముడు వెంట వెళ్ళాడు.

పెద్దాయన విషయంలో తొలి వారాలు నరకమే. "అదే" పోయి "ఆపు" వచ్చింది. ఆకలేస్తే "ఆపు! మళ్ళీ మొదట్నుంచి!" మంచం దిగాలన్నా అదే అరుపు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టినా అంతే. భార్య వచ్చి, "ఇంతకుముందు నయమమ్మా, 'అదే' అనేవాడు, అందులో నన్ను తిట్టినట్టు ఉండేది కాదు," అని మొరపెట్టుకుంది.

కానీ మాటలమ్మకు పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. బల్ల మీద స్పీకరు పెట్టి పాట వేసేది. ఆయన అరవగానే ఆపేసేది. అరవకపోతే ఆపేది కాదు. అలా చేయగా చేయగా అరుపు తగ్గి, అది మాటయింది. ఒకరోజు కాలు వంచుతున్న ఫిజియోథెరపీ కుర్రాడి వైపు తిరిగి, అరవకుండా, చరచకుండా, కేవలం "ఆపు" అన్నాడట. ఆ కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. ఆరోజు మాటలమ్మ అద్దం వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అక్కడినుంచి ఫ్యాను ఆపు, టీవీ ఆపు. ఫ్యానో టీవీయో, ఆ మొదటి మాట కోసం ఆయన వెతుక్కునేటప్పుడు గదిలో అందరూ ఊపిరి బిగబట్టేవారు. భార్య తన చేత్తో తన నోరే మూసుకునేది.

కొన్నాళ్ళకు ఆవిడ విసవిసా నడుచుకుంటూ వచ్చింది. వెనకాల పెద్దాయన చేతికర్ర మీద నింపాదిగా వస్తున్నాడు.

"నిన్న ఏం జరిగిందో తెలుసా? మా చెల్లెలితో మాట్లాడుతుంటే, 'ఫోను ఆపు' అన్నాడు! అన్నీ ఆపమనడమే నేర్పావు తల్లీ. ఏదైనా కావాలనడం ఎప్పుడు నేర్పుతావు?"

"కూర్చోండి పిన్నిగారూ, ఈరోజు అదే మొదలుపెడదాం. బాబాయిగారూ, మీకేం కావాలి?"

పెద్దాయన భార్య వైపు చూశాడు, తర్వాత కిటికీ వైపు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. "కొంచెం..." అన్నాడు. ఆగాడు. "గాలి."

మాటలమ్మ లేచి కిటికీ తెరిచింది. వచ్చి కూర్చుని, ఆ రెండు మాటలనూ పట్టుకుని అప్పటికప్పుడు ఒక వరస అల్లింది. పైకి ఒకటి, కిందికి రెండు. బాగా కుదిరింది. ఆయన చెయ్యి తనంతట తానే బల్ల మీద తట్టడం మొదలుపెట్టింది.

పక్కన ఏదో కదిలినట్టయి చూస్తే, పిన్నిగారు ఫోను పైకెత్తి వీడియో తీస్తోంది.

"పిన్నిగారూ!"

"ఇంట్లో పాడించాలిగా తల్లీ, నాకు వరస గుర్తుండదు."

అదీ నిజమే. "సరే తీసుకోండి," అంది మాటలమ్మ. "కానీ మీకు దండం పెడతాను, ఎవరికీ పంపకండి."

"నేనెందుకు పంపుతానమ్మా," అంది ఆవిడ, కళ్ళజోడు సవరించుకుని తెర మీద ఏదో నొక్కుతూ. "మా చెల్లెలికొక్కదానికే."